తుప్పు మచ్చ తుమ్మెదను గీస్తూ

నేను మొదటిసారి గీసిన తుప్పు మచ్చ బంబుల్ తుమ్మెద బొమ్మలో తప్పు వెంట్రుకవాసి మాత్రమే. పొట్ట మీద రెండో ఖండం నడుమ, చుట్టూ పసుపు వెంట్రుకలు మిగిలేలా ఉండవలసిన ఎర్రమట్టి రంగు మచ్చను నేను ఈ అంచు నుంచి ఆ అంచు దాకా లాగి పట్టీలా గీశాను. దాని వెనుక కనిపించవలసిన పసుపును నలుపులో కలిపేశాను. కాగితం మీద అది అందంగానే కనిపించింది. మా వీధిలో పూలమొక్కలు పెంచే ఇళ్లు నాలుగైదు ఉన్నాయని తెలిసి, ఆ బొమ్మకు నకళ్లు తీయించి, ఈ తుమ్మెద కనిపిస్తే దయచేసి నాకు చెప్పండని రాసి పంచాను. ఆ జూలైలో నాలుగు ఇళ్ల అవతల ఉండే ఒక పెద్దావిడ ఎంతో సంతోషంగా కబురు పెట్టారు. నేను వెళ్లి చూసేసరికి తెల్ల క్లోవర్ పూల మీద తిరుగుతున్నది గోధుమ పట్టీ బంబుల్ తుమ్మెద, అంటే ఇక్కడ తరచుగా కనిపించే వేరొక జాతి. ఆవిడ నా బొమ్మను దాని పక్కన పట్టుకొని, మీరు గీసినది ఇదే కదా అని అడిగారు. ఆవిడ కన్ను సరిగ్గానే చూసింది. నేను గీసినది నిజంగా దానినే.

ఆ సాయంత్రమే పంచిన నకళ్లన్నిటినీ అడిగి వెనక్కి తెచ్చుకున్నాను. ఒక జీవిని కాపాడాలనుకునేవారు ముందుగా అది ఎక్కడెక్కడ మిగిలి ఉందో తెలుసుకోవాలి. అది తెలియాలంటే పెరట్లో నిలబడిన మామూలు మనిషి దానిని గుర్తుపట్టగలగాలి. గుర్తుపట్టాలంటే ఆ మనిషి చేతిలోని బొమ్మ నిజం చెప్పాలి. నేను చిత్రకళ చదువుకున్నదానిని కాను, నా ఉద్యోగమూ వేరు. అయినా నాలుగు వేసవులుగా మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో, మా వంటగది బల్ల మీద, తీరిక దొరికిన గంటలన్నీ ఈ ఒక్క పనికే ఇస్తున్నాను.

ముందుగా పేరు సంగతి చెప్పాలి. తెలుగు నేల మీద బంబుల్ తుమ్మెదలు లేవు. ప్రపంచంలో వీటి జాతులు సుమారు 260 ఉన్నాయి. ఎక్కువ భాగం చల్లని దేశాలలో, ఎత్తైన కొండలలో బతుకుతాయి. భారతదేశంలో ఇవి ప్రధానంగా హిమాలయ ప్రాంతానివి. మనం ఊళ్లో తుమ్మెద అని పిలిచేది, ఎండిన వెదురులోనూ పాత దూలాలలోనూ గుండ్రటి కన్నం తొలిచి కాపురం పెట్టే నల్లటి పెద్ద ఈగ, వడ్రంగి ఈగల వర్గానికి చెందినది. దాని పొట్ట నున్నగా, నూనె రాసినట్లు మెరుస్తుంది. బంబుల్ తుమ్మెదకు మాత్రం తల నుంచి పొట్ట చివరి దాకా ఒత్తైన వెంట్రుకలు ఉంటాయి, ఊలు కప్పుకున్నట్లు కనిపిస్తుంది. ఈ రెండూ ఒకటి కావు. కానీ పువ్వు దగ్గర వాటి రొద వింటే, ఆ బరువైన నడక చూస్తే, మనవాళ్లకు నోటికి వచ్చే మాట తుమ్మెదే. అందుకని ఇంగ్లీషు పేరును ముందు ఉంచి బంబుల్ తుమ్మెద అని రాస్తున్నాను. ఇక్కడ ఈగ అని రాసిన చోటల్లా ఇంగ్లీషులో బీ అనే వర్గమే, ఇంట్లో ముసిరే ఈగ కాదు. తేనెటీగ అనే మాటను కావాలనే వాడలేదు. ఎందుకో కొంత దూరం పోయాక చెబుతాను.

ఆ రొదకు పని ఉంది. గుంటూరు జిల్లాలో మా అమ్మమ్మ ఇంటి వెనుక రెండు సాళ్లు వంగమొక్కలు ఉండేవి. పొద్దున్నే తుమ్మెద వచ్చి ఊదారంగు పువ్వును కరుచుకొని వేలాడుతూ ఒక్కసారిగా గొంతు పెంచినట్లు ఝుమ్మనేది. తుమ్మెద పూవుతో మాట్లాడుతోందని అమ్మమ్మ చెప్పేది. వంగపువ్వులో పుప్పొడి పైకి కనిపించదు. పసుపుపచ్చని పరాగకోశాలు గొట్టాలలా ఉండి, కొసన సన్నటి రంధ్రం మాత్రమే ఉంటుంది. ఉప్పుడబ్బాను కదిపితేనే ఉప్పు రాలినట్లు, ఆ గొట్టాలను గట్టిగా కంపింపజేస్తేనే పుప్పొడి బయటికి రాలుతుంది. తుమ్మెద రెక్కలు ఆడించకుండా, ఎగరడానికి వాడే ఛాతీ కండరాలను మాత్రం వేగంగా అదిలించి ఆ కంపనాన్ని పువ్వుకు అందిస్తుంది. మన దగ్గర వడ్రంగి ఈగలు, నీలి చారల ఈగలు చేసే ఈ పనిని అమెరికాలో బంబుల్ తుమ్మెదలు చేస్తాయి. టమాటాకూ ఇదే పద్ధతి. బ్లూబెర్రీలకు, క్రాన్‌బెర్రీలకు కూడా ఇది ఎంతో మేలు చేస్తుంది. తేనెటీగకు ఈ విద్య రాదు. సెయింట్ పాల్‌లో మా పెరటి వంగమొక్క మీద మొదటిసారి ఆ రొద విన్నప్పుడు నేను నీళ్ల గొట్టం కింద పెట్టి చాలాసేపు అలాగే నిలబడిపోయాను. మిన్నెసోటాలో వంగ, టమాటా, గోంగూర పెంచని తెలుగు ఇల్లు నేను చూసినంతలో తక్కువ. ఆ వంకాయలలో ఈ నేల తుమ్మెదల కష్టం ఉందని తెలిసినవారు మాత్రం నాకు ఎక్కువమంది తారసపడలేదు.

తుప్పు మచ్చ బంబుల్ తుమ్మెదకు శాస్త్రీయ నామం బాంబస్ అఫినిస్. ఎజ్రా టౌన్సెండ్ క్రెసన్ అనే కీటక శాస్త్రవేత్త 1863లో దీనిని వర్ణించి ఆ పేరు పెట్టాడు. ఒకప్పుడు అమెరికాలో 28 రాష్ట్రాలలోనూ, రాజధాని వాషింగ్టన్‌లోనూ, కెనడాలో ఆంటారియో, క్విబెక్ ప్రాంతాలలోనూ ఇది మామూలుగా తిరిగేది. 1990ల చివరి నుంచి ఉన్నట్టుండి తగ్గిపోయింది. రెండు దశాబ్దాలలో దీని ఉనికి సుమారు 87 శాతం పడిపోయిందని అమెరికా చేపలు, వన్యప్రాణుల శాఖ లెక్క తేల్చింది. కెనడాలో ఇది చివరిసారి కనిపించింది 2009లో, ఆంటారియోలోని పైనరీ ప్రాంతీయ పార్కులో. జెర్సీస్ సొసైటీ అనే అకశేరుకాల పరిరక్షణ సంస్థ 2013లో వేసిన వినతి తరువాత, 2017లో అమెరికా ప్రభుత్వం దీనిని అంతరించే ప్రమాదంలో ఉన్న జాతిగా ప్రకటించింది. హవాయి దీవుల్లోని పసుపు ముఖపు ఈగలకు అంతకు ముందు ఏడాదే ఆ రక్షణ లభించింది కాబట్టి, అమెరికా ప్రధాన భూభాగంలో అటువంటి చట్టరక్షణ పొందిన మొదటి ఈగ ఇదే. 2019లో మిన్నెసోటా దీనిని తన రాష్ట్ర ఈగగా ఎంచుకుంది. మా జంట నగరాలైన మినియాపోలిస్, సెయింట్ పాల్ చుట్టుపక్కల ఇది ఇప్పటికీ మిగిలి ఉండటం మాకు దక్కిన భాగ్యం, మా మీద ఉన్న బాధ్యత కూడా.

ఇక గీయడం గురించి. బంబుల్ తుమ్మెదను గుర్తించడం అంటే ముఖ్యంగా వెంట్రుకల రంగులు ఏ ఖండంలో ఎలా ఉన్నాయో చదవడం. చర్మం దాదాపు అంతా నలుపే. రంగు అంతా వెంట్రుకలదే. ఆడవాటికి పొట్ట మీద పైకి కనిపించే ఖండాలు ఆరు, మగవాటికి ఏడు. మీసాలలో ఆడదానికి 12 కణుపులు, మగదానికి 13. నాలాంటివారు బొమ్మ మొదలుపెట్టే ముందు ఈ లెక్కను పెన్సిలుతో వేసుకోవాలి. ఖండాల గీతలు తప్పితే పైన ఎంత అందమైన రంగు వేసినా అది లోకంలో లేని పురుగు అవుతుంది. తూర్పు సాధారణ జాతికి మొదటి ఖండం మాత్రమే పసుపు, మిగిలినదంతా నలుపు. మా పెరట్లో కనిపించేవాటిలో ఎక్కువ భాగం ఇవే. రెండు మచ్చల జాతికి రెండో ఖండం నడుమ మాత్రం పసుపు ఉండి, అది ఇంగ్లీషు డబ్ల్యూ అక్షరంలా కనిపిస్తుంది. మూడు రంగుల జాతికి రెండు, మూడు ఖండాలు నిండుగా నారింజ రంగులో ఉంటాయి. గోధుమ పట్టీ జాతికి రెండో ఖండం ముందు అంచున, మొదటి ఖండపు పసుపును ఆనుకొని, నెలవంక లాంటి గోధుమరంగు పట్టీ ఉండి, దాని వెనుక వెంటనే నలుపు మొదలవుతుంది. మన తుప్పు మచ్చ జాతిలో కూలి ఈగకు, అంటే గూటి పనులు చేసే ఆడ ఈగకు, మొదటి ఖండం పూర్తిగా పసుపు, రెండో ఖండం నడుమ తుప్పు రంగు, ఆ తుప్పుకు పక్కలా వెనకా మళ్లీ పసుపు, అక్కడి నుంచి చివరి దాకా నలుపు. వీపు మీద రెక్కల నడుమ ఉండే నల్ల మచ్చ వెనక్కి సన్నగా సాగి ఉంటుంది. తల నలుపు. నేను మొదటిసారి చేసిన తప్పు ఆ వెనుక పసుపును వదిలేయడమే. ఈ ఒక్క సన్నటి పసుపు మీదే ఈ జాతికీ గోధుమ పట్టీ జాతికీ మధ్య తేడా నిలిచి ఉంది.

రంగు విషయంలో నాకు ఎక్కువ కాలం పట్టినది నలుపు. సీసాలో నుంచి తీసిన నల్లరంగును నేరుగా పూస్తే తుమ్మెద బొమ్మ కాగితానికి పడిన చిల్లులా కనిపిస్తుంది. ముదురు నీలంలో కాల్చిన మట్టిరంగు కలిపి నలుపు తయారుచేసుకుంటే, వెలుగు తగిలిన చోట నీలంగా, నీడ వైపు వెచ్చగా జారుతుంది, వెంట్రుకలకు లోతు వస్తుంది. ముందుగా శరీరం ఆకారమంతా పలుచటి పొరలలో నింపి, ఆరిన తరువాత, అతి సన్నటి కుంచెతో వెంట్రుకలు పెరిగే దిక్కునే ఒక్కొక్క గీత వేస్తాను. వీపు మీద వెంట్రుకలు నిటారుగా, ముళ్లకంపలా లేచి ఉంటాయి. పొట్ట మీద వెనక్కి వాలి ఉంటాయి. ఈగల వెంట్రుకకు పక్షి ఈకకు ఉన్నట్లు కొమ్మలు ఉంటాయి, పుప్పొడి అందులోనే చిక్కుకుంటుంది. ఆ కొమ్మలను కుంచెతో చూపడం సాధ్యం కాదు, కానీ గీత అంచును కొద్దిగా తడిగా వదిలితే ఆ మెత్తదనం వస్తుంది. నలుపు మీద లేత పసుపు వెంట్రుకలను చివరగా, మందమైన అపారదర్శక రంగుతో వేయాలి. తుప్పు రంగు నిజానికి ఎరుపు కాదు. వర్షానికి తడిసి ఆరుతున్న ఎర్రమట్టి గోడ ఎలా ఉంటుందో అలా ఉంటుంది. నేను దానిని కలిపేటప్పుడు మనసులో పెట్టుకునేది ఆ గోడనే.

వెనుక కాలి మీద పుప్పొడి బుట్ట గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఆడ ఈగ వెనుక కాలిలో ఒక భాగం వెడల్పుగా, నున్నగా, కొద్దిగా గుంటపడి, అంచుల వెంట పొడవైన వంపు వెంట్రుకలతో ఉంటుంది. పుప్పొడిని మకరందంతో తడిపి ముద్ద చేసి అందులో అదుముకుంటుంది. ఏ పువ్వు మీద నుంచి వచ్చిందో ఆ ముద్ద రంగును బట్టి కొంతవరకు ఊహించవచ్చు. మగదానికి ఆ బుట్ట ఉండదు, ముల్లూ ఉండదు. చాలామంది చిత్రకారులు అందం కోసం ప్రతి తుమ్మెద కాలికీ పసుపు ముద్ద పెడతారు. మగదాని కాలికి ముద్ద పెట్టిన బొమ్మ నన్ను చాలా బాధిస్తుంది.

మరో చిక్కు ఏమిటంటే, బతికి ఉన్న తుమ్మెద పుస్తకంలోని బొమ్మలా ఉండదు. వసంతంలో కొత్తగా వచ్చినది నిమ్మపండు రంగులో ఉంటే, ఆగస్టు నాటికి ఎండకు అదే పసుపు గడ్డిరంగుకు తిరుగుతుంది. కన్నాలలో దూరి దూరి వీపు మీద వెంట్రుకలు రాలిపోయి, నల్లటి చర్మం బట్టతలలా మెరుస్తుంది. అప్పుడు నలుపు అన్నది రంగో, రాలిన చోటో చూసేవాడికి తెలియాలి. అందుకే ఇప్పుడు నేను ఒకే జాతిని రెండు స్థితులలో గీస్తున్నాను: నిండు వెంట్రుకలతో ఒకటి, వేసవి చివరి అలసటతో ఒకటి.

ఈ జాతిని ప్రభుత్వ అనుమతి లేకుండా పట్టడం చట్టరీత్యా నేరం, పట్టవలసిన అవసరమూ నాకు లేదు. పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, ముఖం కనిపించేలా ఒకటి, ఇలా మూడు ఫోటోలు ఉంటే గుర్తింపుకు చాలా వరకు సరిపోతాయి. మిగిలిన కొలతల కోసం నేను మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారి కీటక సంగ్రహంలోని నమూనాలను చూడటానికి వెళ్లాను. కూలి ఈగ పొడవు సుమారు సెంటీమీటరు నుంచి సెంటీమీటరున్నర, రాణి రెండు సెంటీమీటర్ల పైచిలుకు. గుండుసూదికి గుచ్చిన తుమ్మెదల కింద బియ్యపుగింజంత అక్షరాలతో ఊరి పేరు, తేదీ రాసి ఉంటాయి. పాత చీటీలు చదువుతూ పోతే, ఒకప్పుడు ఈ జాతిని సేకరించడం ఎంత సులభమైన పనిగా ఉండేదో తెలుస్తుంది. ఆ పెట్టె మూసేటప్పుడు నా చేయి తేలికగా కదలలేదు.

అంతకంటే బరువైన బొమ్మ ఇంకొకటి గీశాను. ఒరెగాన్ దక్షిణ భాగంలోనూ, దానిని ఆనుకున్న కాలిఫోర్నియా ఉత్తర భాగంలోనూ మాత్రమే ఉండే ఫ్రాంక్లిన్ బంబుల్ తుమ్మెద అది. ఇంత చిన్న ప్రాంతానికి పరిమితమైన బంబుల్ తుమ్మెద జాతులు లోకంలో అరుదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో ఈగల మీద జీవితమంతా పనిచేసిన రాబిన్ థార్ప్ 1998లో ఆ ప్రాంతమంతా తిరిగి 94 తుమ్మెదలను చూశారు. ఆ తరువాత లెక్క ఏటికేడు పడిపోయింది. 2006 ఆగస్టులో యాష్‌ల్యాండ్ పర్వతం మీద ఆయన ఒకే ఒక్కదానిని చూశారు. దాని తరువాత ఎవరికీ కనిపించినట్లు నిర్ధారణ కాలేదు. థార్ప్ 2019లో మరణించే వరకు ప్రతి వేసవిలోనూ దానిని వెతుకుతూనే ఉన్నారు. 2021లో ప్రభుత్వం దానినీ ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. వీపు మీద పసుపు ముందు నుంచి రెక్కల వెనుక దాకా దిగివచ్చి, నడుమ నల్లటి మచ్చను తలకిందులైన యు ఆకారంలో చుట్టుకుంటుంది; పొట్ట మీద పసుపు లేదు, చివర మాత్రం కొద్దిగా తెలుపు. ఈ బొమ్మ గీస్తున్నంతసేపూ పక్కన పెట్టుకోవడానికి కొత్త ఫోటో ఒక్కటీ లేదు.

ఎందుకు ఇలా జరిగిందనే ప్రశ్నకు ఒకే జవాబు లేదు. టమాటా పండించే గ్రీన్‌హౌసుల కోసం 1980ల చివరి నుంచి బంబుల్ తుమ్మెదలను పెట్టెల్లో పెంచి అమ్మడం మొదలైంది. ఆ పెంపకపు గుంపుల నుంచి నోసెమా బాంబీ వంటి రోగకారకాలు అడవి తుమ్మెదలకు పాకి ఉంటాయన్నది శాస్త్రవేత్తలకు ఉన్న బలమైన అనుమానాలలో ఒకటి, థార్ప్ కూడా ఆ మాటే అన్నారు. పురుగుమందులు రెండో కారణం. 2013 జూన్‌లో ఒరెగాన్‌లోని విల్సన్‌విల్‌లో ఒక దుకాణం పార్కింగ్ స్థలంలో పూత మీద ఉన్న లిండెన్ చెట్లకు డైనోటెఫ్యురాన్ మందు కొట్టినందువల్ల 50,000కు పైగా బంబుల్ తుమ్మెదలు నేలరాలి చనిపోయాయి. చెట్ల మీది పేనుబంకను చంపడానికి కొట్టిన మందు అది. మూడోది నేల. మిన్నెసోటాలో ఒకప్పుడు సుమారు 1.8 కోట్ల ఎకరాల ప్రెయిరీ పచ్చిక మైదానం ఉండేది. ఇప్పుడు మిగిలింది అందులో ఒకటి రెండు శాతం. వాతావరణ మార్పు వీటన్నిటికీ తోడైంది.

ఇక్కడ తేనెటీగ మాట వస్తుంది. ఈగలను కాపాడండి అనే పిలుపు ఎక్కడ చూసినా బొమ్మలో తేనెటీగే ఉంటుంది, పక్కన తేనె సీసా ఉంటుంది. అమెరికాలో తేనెటీగ స్థానిక జీవి కాదు. 1622 ప్రాంతంలో వర్జీనియాకు యూరపు వలసదారులు ఓడల్లో తెచ్చుకున్న పెంపుడు పురుగు. ఆవులాగా, కోడిలాగా అది రైతుకు ఉపయోగపడేదే, దాని కష్టాలు దానికి ఉన్నాయి. కానీ ఇంటి వెనుక తేనెపెట్టె పెట్టుకుంటే స్థానిక తుమ్మెదలకు మేలు చేశామనుకోవడం పొరపాటు. పూలు తక్కువగా ఉన్న చోట ఒక పెట్టెలోని వేలాది తేనెటీగలు ఆ కొద్దిపాటి మకరందాన్నీ పంచుకుంటాయి. ఈ విషయం చెప్పినప్పుడు కొందరు మిత్రులు నొచ్చుకున్నారు. అయినా బొమ్మ గీసేవారు ఎవరిని గీస్తున్నారో స్పష్టంగా తెలుసుకొని గీయాలని నేను గట్టిగా నమ్ముతాను.

మేలు చేయాలంటే పూలు కావాలి, అవి ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా తెగకుండా పూయాలి. తుప్పు మచ్చ జాతి తొందరగా మేల్కొని ఆలస్యంగా ముగించేది కాబట్టి దానికి నడుమ ఒక్క నెల ఖాళీ వచ్చినా కష్టమే. వసంతంలో విల్లో చెట్ల పూత, వర్జీనియా బ్లూబెల్స్. నడివేసవిలో వైల్డ్ బెర్గమాట్. చివరకు గోల్డెన్‌రాడ్, ఆస్టర్ పూలు. వీటిలో వైల్డ్ బెర్గమాట్ మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. అది తులసి కుటుంబపు మొక్క. కాండం తులసి కాండంలాగే నాలుగు పలకలుగా ఉంటుంది, ఆకు నలిపితే వాము వాసన వస్తుంది, ఎందుకంటే వాములో ఉండే థైమాలే ఇందులోనూ ఉంటుంది. మా అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆ ఆకు వాసన చూసి, ఇది మన మొక్కేనే, ఇక్కడెలా మొలిచింది అని ఆశ్చర్యపోయింది. తుప్పు మచ్చ తుమ్మెదకు ఎంతో ఇష్టమైన పూలలో ఇదొకటి. నా చిత్రంలో తుమ్మెద ఎప్పుడూ ఖాళీ కాగితం మీద ఉండదు; ఆ లేత ఊదా పువ్వు మీదో, గోల్డెన్‌రాడ్ మీదో ఉంటుంది, ఆ మొక్క పేరు కింద రాసి ఉంటుంది.

లాన్ విషయంలో మన తెలుగువాళ్లకు, నిజానికి ఇక్కడి అందరికీ, ఒక పట్టింపు ఉంది: గడ్డి తివాచీలా ఉండాలి, అందులో వేరే పువ్వు తలెత్తకూడదు. మిన్నెసోటా ప్రభుత్వం 2019లో ఆమోదించిన లాన్స్ టు లెగ్యూమ్స్ అనే కార్యక్రమం కింద, లాన్‌ను పూలనేలగా మార్చుకునే ఇంటివారికి ఖర్చులో కొంత తిరిగి ఇస్తున్నారు. తెల్ల క్లోవర్, సెల్ఫ్‌హీల్, పాకే థైమ్ కలిపి చల్లిన లాన్ మీద పిల్లలు మునుపటిలాగే ఆడుకోవచ్చు, కోత మరలను తక్కువసార్లు నడిపితే చాలు. మొక్కలు కొనేటప్పుడు వాటికి నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందులు వాడారా అని నర్సరీవారిని అడగాలి. ఆ మందు మొక్క లోపలికి చేరి పుప్పొడిలోనూ మకరందంలోనూ ఉంటుంది.

పూలకంటే కష్టంగా ఒప్పించవలసి వచ్చినది రాలిన ఆకుల విషయంలో. బంబుల్ తుమ్మెదల గుంపు ఒక్క ఏడాదిదే. శరత్తు చివరకు పాత రాణి, కూలి ఈగలు, పోతు ఈగలు అన్నీ చనిపోతాయి. జత కట్టిన కొత్త రాణులు మాత్రమే వదులు మట్టిలో, ఆకుల కింద, మంచు దుప్పటి మాటున, బయట సున్నాకు దిగువన ముప్పై డిగ్రీల చలి ఉన్నా ఒంటరిగా నిద్రపోతాయి. అక్టోబరులో మనం ఆకులన్నీ ఊడ్చి సంచుల్లో కట్టి నగరపాలక వాహనానికి ఇస్తే, కొన్నిచోట్ల వచ్చే ఏడాది గుంపునే కట్టి ఇచ్చినట్లు. ఏప్రిల్‌లో మేల్కొన్న రాణి పాత ఎలుక బొరియలాంటి చోటు వెతుక్కుంటుంది. మైనంతో బొటనవేలి గోరంత తేనె గిన్నె కట్టి, పక్కనే పుప్పొడి ముద్ద మీద గుడ్లు పెట్టి, కోడి పొదిగినట్లు పొట్టను వాటికి ఆనించి కూర్చుంటుంది. ఎగిరే కండరాలను వణికించి ఒంటిని ముప్పై డిగ్రీల వెచ్చదనంలో ఉంచుకుంటుంది. బయట పది డిగ్రీలే ఉన్నా మేతకు పోగలిగేది ఆ వణుకు వల్లనే. ఆ దృశ్యాన్ని గూడు నిలువుకోతగా గీసి, పైన ఒక అడుగు మేర రాలిన ఓక్ ఆకులు వేశాను. ఆదివారం తెలుగు తరగతికి వచ్చే పిల్లలకు అది చూపించినప్పుడు ఒక చిన్నపిల్ల, మా నాన్నను ఆకులు ఊడ్వవద్దని చెబుతాను అని అక్కడికక్కడే తీర్మానించింది.

ఈ రాణి దగ్గరే నా బొమ్మలలో రెండో పెద్ద లోటు బయటపడింది. రాణికి తుప్పు మచ్చ ఉండదు. మొదటి రెండు ఖండాలు నిండు పసుపు, మిగిలినవి నలుపు, అంతే. మచ్చ కూలి ఈగలకు, పోతు ఈగలకు మాత్రమే ఉంటుంది. అంటే జాతి పేరును బట్టి మచ్చ కోసం చూసేవారికి, గుంపు మొత్తానికి మూలమైన ఏప్రిల్ రాణి కళ్లముందు తిరిగినా పట్టుబడదు. కూలి ఈగ బొమ్మ ఒక్కటే పంచితే వసంతమంతా మన చూపు గుడ్డిదే. అందుకే ఇప్పుడు ఒకే కాగితం మీద ముగ్గురినీ, అసలు పరిమాణాల నిష్పత్తి తప్పకుండా, పక్కపక్కన పెడుతున్నాను. కింద గోధుమ పట్టీ జాతిని కూడా వేసి, తేడా ఉన్న చోట సన్నటి గీత లాగుతున్నాను.

మొదటి బొమ్మతో నేను తప్పుదారి పట్టించిన పెద్దావిడకు ఆ తరువాతి మూడు బొమ్మలూ ఇచ్చాను. ఆవిడ విసుక్కోకుండా ప్రతిసారీ పాతదాని స్థానంలో కొత్తదానిని వంటింటి తలుపుకు అంటించుకున్నారు. కిందటి ఆగస్టులో ఆవిడ పెరటి బెర్గమాట్ మీద ఒక కూలి ఈగ వాలింది. ఆవిడ పరుగెత్తకుండా, చెప్పినట్లే మూడు ఫోటోలు తీశారు. తుప్పు వెనుక పసుపు ఉంది. మేమిద్దరం కలిసి ఆ ఫోటోలను, బంబుల్ తుమ్మెదలు కనిపించిన చోట్లను పటం మీద గుర్తించే బంబుల్ బీ వాచ్ అనే వెబ్‌సైటుకు పంపాము. అక్కడ నిపుణులు ఒక్కొక్క ఫోటోనూ చూసి జాతిని ధ్రువీకరిస్తారు. కొన్ని వారాలకు జవాబు వచ్చింది: బాంబస్ అఫినిస్, కూలి ఈగ. ఆవిడ ఇల్లు ఇప్పుడు ఆ పటంలో ఒక చుక్క.

ఆకులు ఊడ్వకుండా వదిలేశానని, ఏప్రిల్‌కల్లా రాణి బొమ్మను పెద్దదిగా గీసి ఇమ్మని ఆవిడ నన్ను అడిగారు. అది ఇప్పుడు బల్ల మీద ఉంది. రెండో ఖండపు పసుపు మీద మరో పొర వేయాలి, కింది పొర ఇంకా ఆరలేదు.